సముద్రం ఒడ్డు పిల్లలు, మంచు కొండ గాలి



పోయిన వారం మన గ్రూపులో గుల్మార్గ్ సంగతి వచ్చింది. మన సంఘం పిల్లలు కొందరు జనవరిలో కాశ్మీరం పోయి మంచు మీద స్కీయింగ్ నేర్చుకోబోతున్నారని, దానికి ప్రయాణ పట్టిక కూడా తయారైందని పెట్టారు. మొదటి రోజు పొద్దున మద్రాసులో విమానం, సాయంత్రానికి గుల్మార్గ్. రెండో రోజు తెల్లవారగానే స్కీ బూట్లు కట్టుకోవడం. మూడో రోజు గొండోలా ఎక్కి అఫర్వత్ కొండ. ఆఖరి రోజు పోటీ, సర్టిఫికెట్. కింద ముప్పై మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. మేము మాత్రం ఏమీ పెట్టలేదు, అందుకని ఒకరిద్దరు ఫోను చేసి "ఏం సార్, మీకు ఇష్టం లేదా?" అని అడిగారు.

ఇష్టం లేకపోవడం ఏముంది. మా కాలంలో మంచు చూడాలంటే ఐసు పెట్టెలోకి తొంగి చూడాల్సిందే. పిల్లలు పోవాలి. అయితే ఆ పట్టికలో ఒకటి తక్కువగా ఉంది. అదేమిటో ఒక్క మాటలో చెప్తే ఎవరూ వినరు, అందుకని కొంచెం చరిత్ర చెప్పాలి. మా రాతలు పొడుగని మీకు తెలిసిందే, టీ పెట్టుకుని కూర్చోండి.

రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళం కాబట్టి ముందు మాకు గుర్తొచ్చేది స్టేషను బోర్డు. పసుపు బోర్డు మీద ఊరి పేరు పెద్దగా ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో సముద్ర మట్టానికి ఆ ఊరు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో రాసి ఉంటుంది. రైలెక్కే జనం ఎవరూ దాన్ని చదవరు. లైను ఎంత ఎత్తుకు ఎక్కుతుంది, ఎంత దిగుతుంది అని లెక్క వేసేవాళ్ళకు అది కావాలి. ఇంజనుకు ఎత్తు ముఖ్యం అని రైల్వే ఎప్పుడో ఒప్పుకుంది. మనిషికి కూడా ముఖ్యమే అని ఒప్పుకోవడానికి లోకానికి చాలా రోజులు పట్టింది, చాలా ప్రాణాలు కూడా పోయాయి.

మన కాట్టుపల్లికి ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క బకింగ్‌హాం కాలువ. ఇక్కడ పుట్టిన పిల్ల ఇంటి మెట్లెక్కితే తప్ప ఎత్తు అనేదే ఎరగదు. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండకు 365 మెట్లు, అది మనకు పెద్ద కొండ. తిరుమల అంతకంటే ఎత్తు, అయినా వెయ్యి మీటర్లకు లోపలే. ఊటీ 2,240 మీటర్లు. గుల్మార్గ్ 2,650. అక్కడి గొండోలా రెండో అంచె దాకా పోతే 4,000 మీటర్లకు కొంచెం తక్కువ. అంటే మన పిల్లలు రెండు రోజుల తేడాలో ఊటీని దాటి, దాని మీద ఇంకొక ఊటీ అంత కాకపోయినా ముప్పాతిక వంతు ఎత్తు ఎక్కుతారు.

కొండ మీద ఆక్సిజన్ తక్కువ అని అందరూ అంటారు. నిజానికి గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా ఒకటే, నూటికి 21. కాట్టుపల్లిలోనూ అంతే, ఎవరెస్టు మీదా అంతే. తగ్గేది గాలి ఒత్తిడి. మేము తమిళ మీడియంలో చదివినప్పుడు 'కాట్రళుత్తం' అని నేర్పారు, ఆ మాటలోనే సంగతంతా ఉంది. గాలికి బరువు ఉంది. కింద ఉన్న గాలిని పై గాలి అంతా అదుముతూ ఉంటుంది. పైకి పోయేకొద్దీ అదిమే గాలి తగ్గి, పీల్చిన ఊపిరి పలచబడుతుంది. సముద్రం ఒడ్డున పాదరసం 760 మిల్లీమీటర్లు నిలబడితే, ఊటీలో దానిలో నాలుగింట మూడొంతులకు కొంచెం ఎక్కువ, గుల్మార్గ్‌లో కొంచెం తక్కువ. లేహ్‌లో మూడింట రెండొంతులు. ఎవరెస్టు కొన మీద మూడో వంతే, 1981లో ఒక అమెరికా బృందం అక్కడే నిలబడి కొలిస్తే 253 మిల్లీమీటర్లు వచ్చింది. ఊపిరి ఒకటే, అందులోని సరుకు తగ్గిపోతుంది. పార్సెల్ ఆఫీసులో పనిచేసినవాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. గోనె సంచి అదే సైజు, లోపల తూకం తక్కువ.

ఈ సంగతి మొదట రాసి పెట్టినవాళ్ళలో ఒకరు హోసే దె అకోస్తా అనే స్పెయిన్ దేశపు పాదిరి. పెరూ దేశంలో పరియాకాకా కొండ దాటుతూ వాంతులతో చచ్చిపోతానని అనుకున్నాడు. 1590లో అచ్చయిన తన పుస్తకంలో, అక్కడి గాలి మనిషి ఊపిరికి చాలనంత పలచగా ఉందని రాశాడు. అప్పటికి గాలికి బరువు ఉందని ఎవరూ కొలవనే లేదు, పాదరసం గొట్టం రావడానికి ఇంకా యాభై ఏళ్ళ పైన ఉంది. ఆ తర్వాత ఫ్రాన్సులో పాల్ బేర్ అనే పండితుడు గాలి ఒత్తిడి తగ్గించే గదిలో తనే కూర్చుని పరీక్షలు చేసి, అసలు కారణం ఆక్సిజన్ ఒత్తిడి తగ్గడమే అని 1878లో ఒక పెద్ద పుస్తకంలో తేల్చాడు.

దానికి మూడేళ్ళ ముందు జరిగినది ఒకటి చెప్పకుండా ఉండలేము. 1875 ఏప్రిల్‌లో ముగ్గురు ఫ్రెంచివాళ్ళు జెనిత్ అనే బెలూనులో 8,000 మీటర్ల పైకి పోయారు. పక్కనే ఆక్సిజన్ సంచులు వేలాడుతున్నాయి. అందుకోవడానికి చెయ్యి లేవలేదు. ఇద్దరు చనిపోయారు, బతికిన టిస్సాందియే తర్వాత రాసిన దాని ప్రకారం ఆ సమయంలో ఆయనకు బాధే తెలియలేదు, పైగా సంతోషంగా కూడా అనిపించింది. పిల్లలను కొండకు పంపే తల్లిదండ్రులు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. 'నాకేమీ లేదు, బాగానే ఉన్నాను' అనే మాటను కొండ మీద పూర్తిగా నమ్మకూడదు.

మళ్ళీ రైల్వేకు వస్తాము, కోపం వద్దు. పెరూలో కల్యావో అనే రేవు నుంచి ఆండీస్ కొండల మీదికి ఒక రైలు మార్గం ఉంది. సముద్రం ఒడ్డున బయలుదేరి గలేరా సొరంగంలో 4,781 మీటర్లు ఎక్కుతుంది, అదీ ఒక్క రోజులో. 2006లో చైనావాళ్ళు టిబెట్ లైను తెరిచేదాకా ప్రపంచంలో అంత ఎత్తుకు పోయే ప్రయాణికుల రైలు వేరే లేదు. ఆ బండిలో పోయినవాళ్ళకు తలనొప్పి, వికారం వస్తే దానికి అక్కడి జనం పెట్టిన పేరు 'సొరోచే'. 1921 చివర్లో ఇంగ్లండు నుంచి బార్‌క్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త బృందంతో వచ్చి, ఆ దారిలోనే సెర్రో దె పాస్కో అనే 4,300 మీటర్ల గని ఊరికి పోయి, రైలు సామాను పెట్టెనే ప్రయోగశాలగా మార్చుకుని రక్తం పరీక్షలు చేశాడు. బ్రేక్ వ్యానులో ప్రయోగశాల! మా పాత సూపరింటెండెంటు వింటే పర్మిషన్ కాగితం ఎక్కడ అని అడిగేవాడు.

ఆ పరీక్షలు, వాటికి ముందూ వెనకా జరిగినవీ కలిపి చూస్తే ఒక సంగతి తేలింది. ఎత్తుకు పోయిన ఒళ్ళు ఊరికే ఉండదు, సర్దుకుంటుంది. కానీ దానికి తన టైంటేబుల్ ఉంది. ఊపిరి వేగం, గుండె వేగం కొన్ని నిమిషాల్లోనే పెరుగుతాయి. ఎక్కువ ఊపిరి వల్ల రక్తంలో మారిన పులుపును సరిచేయడానికి మూత్రపిండాలకు రెండు మూడు రోజులు పడుతుంది, అందుకే మొదటి రోజుల్లో మూత్రం ఎక్కువ పోతుంది. కొత్త ఎర్ర కణాలు తగినన్ని తయారు కావాలంటే వారాలు కావాలి. ఎక్స్‌ప్రెస్ బండి ఎక్కి పోయినా, ఒళ్ళు మాత్రం ప్యాసింజరు బండిలోనే వస్తుంది.

మన దేశం ఇది నేర్చుకున్న తీరు చాలా బాధాకరం. 1962 యుద్ధం వచ్చినప్పుడు మైదానాల్లో ఉన్న సైనికులను విమానాల్లో లేహ్‌కు, ఇంకా ఎత్తయిన చోట్లకు దించారు. లేహ్ 3,500 మీటర్లు. అందరూ వయసులో ఉన్నవాళ్ళు, కసరత్తు చేసిన ఒళ్ళు. దిగిన ఒకటి రెండు రోజుల్లో కొందరికి తలనొప్పి, వాంతులు. కొందరికి అంతకంటే ఘోరంగా ఊపిరితిత్తుల్లో నీరు చేరేది. తమిళంలో మూచ్చు తిణరల్ అంటామే, పడుకుంటే ఊపిరాడదు, దగ్గితే నురగ. చలికి న్యుమోనియా వచ్చిందనుకున్నవాళ్ళు ఉన్నారు.

ఆర్మీ వైద్యులు ఇందర్ సింగ్ బృందం ఇలాంటి జవాన్లను 1,925 మందిని చూసి రాసిన వ్యాసం 1969లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ప్రపంచంలో ఈ జబ్బు గురించి అంతమందిని చూసి రాసిన వ్యాసం అంతకు ముందు లేదు. మన జవాన్ల కష్టం మీద ప్రపంచం నేర్చుకున్న పాఠం అది, మన బడి పుస్తకాల్లో మాత్రం ఎక్కడా కనిపించదు.

దాని ఫలితంగా వచ్చిన ఆర్మీ నియమం ఈ రోజుకీ నడుస్తోంది. 9,000 అడుగుల నుంచి 12,000 అడుగుల మధ్యకు పోయేవాడు ఆరు రోజులు అక్కడ సర్దుకోవాలి. మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ఆపైన నాలుగు రోజులు కొంచెం కొంచెంగా నడక. దాని పైన 15,000 అడుగుల దాకా ఇంకో నాలుగు రోజులు. ఆ పైన మళ్ళీ నాలుగు రోజులు. సెలవు మీద ఊరికి వచ్చి కొన్ని వారాలుండి తిరిగి పోయిన జవాను కూడా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. నిరుడు పోయి వచ్చాను, నాకు అలవాటే అంటే చెల్లదు.

గుల్మార్గ్ 2,650 మీటర్లు అంటే 8,700 అడుగులు. ఆర్మీ గీతకు కొంచెం కిందే ఉంది. గొండోలా కొన మాత్రం గీత దాటి దాదాపు 13,000 అడుగులు.

ఇక స్కీయింగ్ సంగతి. అసలు ఊపిరితిత్తుల్లో నీరు చేరే ఈ కొండ జబ్బును ఇంగ్లీషు చదివే వైద్య లోకం గట్టిగా గుర్తించింది ఒక స్కీయింగ్ కుర్రాడి వల్లే. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఆస్పెన్ అని స్కీ ఊరు. అక్కడ చార్లెస్ హ్యూస్టన్ అనే డాక్టరు ఉండేవారు, ఆయన స్వయంగా పెద్ద పర్వతారోహకుడు. 21 ఏళ్ళ ఆరోగ్యమైన విద్యార్థి ఒకడు స్నేహితులతో స్కీల మీద ఎత్తైన కనుమ దాటబోయి ఊపిరాడక పడిపోయాడు. కిందికి తెచ్చి ఆక్సిజన్ పెట్టి పడుకోబెడితే కోలుకున్నాడు. న్యుమోనియా అయితే అంత త్వరగా తగ్గదు, గుండె చూస్తే గట్టిగా ఉంది. మరి ఊపిరితిత్తుల్లో నీరెక్కడిది? ఇది ఎత్తు వల్ల వచ్చిందే అని హ్యూస్టన్ 1960లో రాశారు. పెరూ డాక్టర్లు అంతకు ముందే స్పానిష్‌లో రాసి పెట్టారు, ఎవరూ చదవలేదు. మన భాషల్లో రాసేవాళ్ళ గతే వాళ్ళదీ.

ఆ కొలరాడోలోనే లెడ్‌విల్ అని 3,100 మీటర్ల ఊరు. అక్కడి పిల్లలు, యువకులు సెలవులకు కిందికి పోయి, తిరిగి తమ ఇంటికి వచ్చినప్పుడు ఈ జబ్బు పడడం డాక్టర్లు గమనించి 1977లో రాశారు. పుట్టి పెరిగిన ఊరే, అయినా కొన్నాళ్ళు కింద ఉండి వస్తే ఆ గాలి వాళ్ళను కొత్తవాళ్ళలాగే చూసింది. పెరూలో కూడా ఇదే కనిపించింది, అక్కడా చిన్న వయసు వాళ్ళకే ఎక్కువ. చిన్న వయసు మంచి కవచం అని మనం అనుకుంటాం. ఈ విషయంలో కాదు. పైగా పిల్లలు పరుగులు తీస్తారు, పెద్దవాళ్ళు ఆయాసం వస్తే కూర్చుంటారు. వచ్చిన మొదటి రోజే ఒళ్ళు అలిసేలా పని చేస్తే జబ్బు పడే అవకాశం ఎక్కువ.

ఇందులో న్యాయం సంగతి కూడా ఒకటి ఉంది, ప్రాణాపాయం అంత పెద్దది కాకపోయినా మాకు అదీ ముఖ్యమే. 1968లో మెక్సికో నగరంలో ఒలింపిక్స్ జరిగాయి. ఆ ఊరి ఎత్తు 2,240 మీటర్లు, సరిగ్గా మన ఊటీ ఎత్తు. అక్కడ బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకి లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. పలచని గాలి అడ్డు తగ్గిస్తుంది కాబట్టి పొట్టి పరుగులు, దూకుళ్ళు బాగా సాగాయి. 10,000 మీటర్ల పరుగు మాత్రం తలకిందులైంది. ప్రపంచ రికార్డు ఆస్ట్రేలియాకు చెందిన రాన్ క్లార్క్‌ది, 27 నిమిషాల 39 సెకన్లు. మెక్సికోలో గెలిచిన కెన్యా మనిషి నఫ్తాలి తెము తీసుకున్నది 29 నిమిషాల 27 సెకన్లు. కెన్యా, ఇథియోపియా కొండల మీద పెరిగినవాళ్ళు ముందు నిలిచారు. క్లార్క్ ఆరో స్థానంలో వచ్చి గీత దాటగానే స్పృహ తప్పాడు, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఆయన కాళ్ళు, గుండె, సాధన అన్నీ అవే, గాలి ఒక్కటే వేరు. ఆ రోజు ఆయన్ను చూసి చేతకానివాడు అనగలమా?

సుమారు 1,500 మీటర్లు దాటాక, పైకి పోయే ప్రతి 1,000 మీటర్లకు ఒళ్ళు వాడుకోగలిగే ఆక్సిజన్ దాదాపు పదో వంతు తగ్గుతుందని మోటు లెక్క. బాగా సాధన చేసిన ఆటగాళ్ళకు ఇంకొంచెం ముందే తగ్గడం మొదలవుతుంది. అందుకే అంతర్జాతీయ స్కీ సమాఖ్య క్రాస్ కంట్రీ పోటీల దారి 1,800 మీటర్లు దాటకూడదని నియమం పెట్టుకుంది. కిందికి జారే పోటీలు వేరు, వాటిని ఇంకా పైన కూడా పెడతారు. జారేటప్పుడు రెండు నిమిషాలు కాళ్ళు బిగపట్టాలి, అంతే.

అయితే మన పిల్లలు మొదటి వారం జారేది తక్కువ, ఎక్కేది ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్ళు స్కీలు కాళ్ళకు కట్టుకుని పక్క అడుగులు వేస్తూ వాలు ఎక్కాలి, జారాలి, పడాలి, లేవాలి, మళ్ళీ ఎక్కాలి. బూట్ల బరువు వేరే. మన ఊళ్ళో ఫుట్‌బాల్ ఆడే పిల్లవాడు రెండో రోజు మధ్యాహ్నానికి ఆయాసపడి కూర్చుంటే, 'మద్రాసు పిల్లలకు దమ్ము లేదు' అనే మాట పడుతుంది. ఆ మాట వాడు నమ్మేస్తాడు. అది మా అసలు భయం. ఒక పిల్ల స్కీయింగ్ తనకు రాదు అని జీవితమంతా అనుకోవడానికి, రెండు రోజులు ముందు పోకపోవడం కారణం కాకూడదు.

ఇంత దూరం పెరూ, కొలరాడో తిరిగాము. ఇక మనవాళ్ళ కథ.

మాలావత్ పూర్ణ పేరు మీకు తెలుసు, సినిమా కూడా వచ్చింది. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి పిల్ల, వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ళ 11 నెలలు, ఆ కొండ ఎక్కిన ఆడపిల్లలందరిలో చిన్నది. ఆమెతో పాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థి, పదహారేళ్ళవాడు. వాళ్ళు కొన మీద నిలబడినప్పుడు అది ఇంకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. జూన్ 2న తెలంగాణ వచ్చింది. అంటే ఒక రాష్ట్రం పిల్లలుగా ఎక్కి ఇంకో రాష్ట్రం పిల్లలుగా బతుకు మొదలుపెట్టారు. 1953, 1956, 1960 గీతల మధ్య నలిగిన మన తిరుత్తణి పక్క జనానికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

జనం వాళ్ళ ధైర్యం గురించి మాట్లాడతారు. మేము వాళ్ళ పట్టిక గురించి మాట్లాడతాము. అప్పుడు గురుకులాల సంస్థ కార్యదర్శి ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. శిక్షకుడు ఎవరెస్టు ఎక్కి వచ్చిన బచినేపల్లి శేఖర్ బాబు. వాళ్ళు పిల్లలను తీసుకుపోయి నేరుగా ఎవరెస్టు దగ్గర దించలేదు. ముందు భువనగిరి రాతి కొండ. అది మన తిరుత్తణి కొండలాంటిదే, గాలి మామూలు గాలి, చెయ్యీ కాలూ తాడూ నేర్చుకోవడానికి. తర్వాత డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ శిక్షణ, అందులో రెనాక్ శిఖరం, అది 5,000 మీటర్ల పైచిలుకు. తర్వాత చలికాలంలో లడఖ్. ప్రతి అంచెలో చాలామందిని వడపోశారు. ఎక్కువ ఎత్తులో ఎవరి ఒళ్ళు ఎలా సర్దుకుంటుందో కింద చూసి చెప్పడం కుదరదు, అక్కడికి తీసుకుపోయి చూడాల్సిందే. బాగా పరుగెత్తే పిల్ల అక్కడ తలనొప్పితో పడిపోవచ్చు, బడిలో ఎవరూ పట్టించుకోని పిల్ల హాయిగా నడవచ్చు.

ఎవరెస్టుకు నేపాల్ వైపు నుంచి పోవాలంటే పదహారేళ్ళు నిండాలి, అందుకని టిబెట్ వైపు నుంచి పోయారు. ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు కూలి 16 మంది చనిపోయారు. టిబెట్ వైపు ఇంకో రకం ప్రమాదం ఉంది. అక్కడ 5,200 మీటర్ల దగ్గర ఉన్న బేస్ క్యాంపు దాకా జీపు పోతుంది. నడిచి పోయేవాళ్ళకు దారే సర్దుబాటు నేర్పుతుంది, జీపులో పోయేవాళ్ళకు నేర్పదు, కావాలని ఆగాలి. ఈ పిల్లల యాత్ర దాదాపు 50 రోజులు. పైకి పోవడం, కిందికి వచ్చి పడుకోవడం, మళ్ళీ ఇంకొంచెం పైకి పోవడం, ఇలా గడిచిన రోజులే ఎక్కువ. కొన దగ్గర ఆక్సిజన్ సీసాలు వాడారు. అంత చేశాక, చివరి ఎక్కుడు ఒక రాత్రి పని.

మన నెల్లూరు జిల్లా గాంధీజనసంగం ఊరి మల్లి మస్తాన్ బాబు సంగతి కూడా ఇక్కడ రాయాలని ఉంది. 2006లో ఏడు ఖండాల ఏడు శిఖరాలు 172 రోజుల్లో ఎక్కినవాడు, 2015లో ఆండీస్‌లోనే ప్రాణం వదిలినవాడు. ఆయన కథ ఒక పేరాలో ముగించేది కాదు, వేరే రోజు రాస్తాము.

ఇప్పుడు మన పట్టికకు వద్దాము. కమిటీవాళ్ళు తప్పుగా అనుకోవద్దు. గుల్మార్గ్‌కు పోయే చాలామందికి ఏమీ కాదు, అయితే తలనొప్పి, ఆకలి తగ్గడం, నిద్ర చెదరడం. కొలరాడోలో గుల్మార్గ్ ఎత్తుకు అటూ ఇటూగా ఉన్న విహార స్థలాలకు వచ్చిన 3,000 మందికి పైగా పెద్దవాళ్ళను అడిగి చూస్తే నాలుగో వంతు మందికి కొండ జబ్బు గుర్తులు ఉన్నాయని 1993లో రాశారు. అందులోనూ సముద్రం మట్టానికి దగ్గర ఉండే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకే ఎక్కువ. మనం ఎక్కడి నుంచి పోతున్నాం? అలలు గోడకు తగిలే ఊరి నుంచి.

అందుకని మేము అడిగేది రెండు రోజులు. విమానం దిగిన రోజు శ్రీనగర్‌లోనే పడుకోవాలి, అది 1,600 మీటర్ల లోపు. మరునాడు మధ్యాహ్నం మెల్లగా గుల్మార్గ్ చేరాలి. ఆ మరునాడు స్కీలు ముట్టకూడదు, ఊరికే నడవడం, మంచు బొమ్మలు చేసుకోవడం, ఫోటోలు. తర్వాతే బూట్లు. గొండోలా కొన ఆఖరి రోజుల్లో పెట్టుకోవచ్చు, ఎక్కి చూసి దిగి వచ్చి కింద పడుకోవాలి. హోటలు ఖర్చు తలకు కొంత పెరుగుతుంది, నిజమే. డబ్బు సరిపోకపోతే ఆఖరి రోజు షాపింగు తీసేయండి, శాలువలు మద్రాసులోనూ దొరుకుతాయి.

పిల్లలకు ముందే ఒక మాట చెప్పాలి, హిందీలోనో ఇంగ్లీషులోనో కాదు, ఇంటి భాషలో. తలనొప్పి, వికారం, తూలడం, పడుకున్నప్పుడు దగ్గు, ఊపిరాడకపోవడం, వీటిలో ఏది వచ్చినా ఎవరికైనా చెప్పాలి. చెప్తే శిక్షణ నుంచి తీసేస్తారని భయపడి దాచకూడదు. తీసుకుపోయే పెద్దలు కూడా 'అలవాటవుతుందిలే' అనకూడదు. తూలుతున్నా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసపడుతున్నా ఆ రాత్రికే కిందికి దించాలి, తెల్లవారే దాకా ఆగకూడదు. ఈ జబ్బుకు మొదటి మందు దిగడమే. మాత్రల సంగతి డాక్టరును అడగండి, గ్రూపులో అడగొద్దు, మమ్మల్నీ అడగొద్దు.

ఇంకొకటి, ముఖ్యంగా ఆడపిల్లల తల్లులకు. కొత్త ఎర్ర కణాలు తయారు కావాలంటే ఒంట్లో ఇనుము ఉండాలి. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కింద ఊళ్ళో రక్తం కొంచెం తక్కువైనా నెట్టుకొస్తాము, పైన కుదరదు. ప్రయాణానికి ఇంకా టైం ఉంది. ఈ నెలలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పిల్లలందరికీ, మగపిల్లలతో సహా, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. తక్కువ ఉంటే జనవరిలోపు సరిచేసుకోవడానికి రోజులు సరిపోతాయి. ఆస్తమా ఉన్నవాళ్ళు, గుండె సంగతి ఉన్నవాళ్ళు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్ళు డాక్టరు సరే అన్నాకే పేరు ఇవ్వాలి.

ఆఖరి రోజు పోటీ గురించి. పెట్టండి, పిల్లలకు సరదా. మార్కులు మాత్రం మొదటి రోజు ఎలా చేశాడు, ఆఖరి రోజు ఎలా చేశాడు అని ఆ పిల్లవాడితోనే పోల్చి వేయమని శిక్షకులను అడగండి. శ్రీనగర్ పిల్లలు కూడా ఆ బ్యాచిలో ఉంటారు. వాళ్ళు 1,600 మీటర్ల దగ్గర పుట్టినవాళ్ళు, వాళ్ళ పక్కన మనవాళ్ళను నిలబెట్టి గడియారం నొక్కితే ఏమొస్తుందో మెక్సికోలోనే చూశాము.

మార్చిన పట్టిక ఒకటి చేత్తో రాసి కార్యదర్శిగారి ఇంట్లో ఇచ్చాము. రైళ్ళ టైములు కూడా అందులో రాశాము, ఢిల్లీ దాకా రైలులో పోతే విమానం ఖర్చులో సగం మిగిలి హోటలు ఖర్చుకు సరిపోతుంది. అభిప్రాయాలు ఆదివారం లోపు చెప్పండి, టికెట్లు అరవై రోజుల ముందే తెరుచుకుంటాయి.